వెటర్నరీ నర్సింగ్ ప్రాక్టికల్‌లో మత్తు యంత్రం: తనిఖీ నుంచి ఆపడం దాకా మెట్టు మెట్టుగా

బ్రిటన్‌లో వెటర్నరీ నర్సింగ్ చదువుతున్న మన తెలుగు పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "యంత్రం భాగాలన్నీ తెలుసు. పరీక్షలో చేయి ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ వరుసలో వెళ్లాలి?" అక్కడి ప్రాక్టికల్ పరీక్షను ఓస్కీ అంటారు. స్టేషన్లు విడివిడిగా ఉంటాయి, ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని, కొద్ది నిమిషాల గడువు, చేతిలో మార్కుల పత్రంతో మౌనంగా నిలబడే పరీక్షకురాలు. ఆ పత్రంలో ఒక్కో గడి మీరు చేసిన ఒక్కో పనికి. మనసులో చేసుకున్న తనిఖీకి గడి లేదు. కాబట్టి ప్రతి మెట్టూ చేత్తో చేయాలి, చేస్తూ నోటితో చెప్పాలి.

## 1. గదిలోకి వెళ్లే ముందు

స్టేషన్ బయట ఉండే సూచనల కాగితాన్ని రెండుసార్లు చదవండి. "యంత్రాన్ని తనిఖీ చేయండి" అనడం వేరు, "ఈ జంతువుకు సర్క్యూట్ ఎంచుకుని, లీకు చూసి, సిద్ధం చేయండి" అనడం వేరు (సర్క్యూట్ అంటే యంత్రం నుంచి జంతువుకు వాయువు చేర్చే గొట్టాల అమరిక). రెండోదానిలో సిలిండర్ ముందు సగం సమయం గడిపేసి, అసలు పనికి వచ్చేసరికి గంట మోగినవారిని చాలామందిని చూశాను.

కాగితంలో వెతకాల్సినవి:

- జంతువు ఏది, బరువు ఎంత, శ్వాస వేగం ఎంత
- టైడల్ వాల్యూమ్ (ఒక్క శ్వాసలో పీల్చే గాలి), సర్క్యూట్ గుణకం ఇచ్చారా, మీరే తీసుకోవాలా
- ఏ మత్తుమందు, ఏ వాయువులు
- యంత్రం ఇప్పటికే తనిఖీ అయిందని రాశారా

గోళ్లు చిన్నగా, ఉంగరం, గడియారం లేకుండా, జుట్టు ముడివేసి వెళ్లండి. చేతులకు శానిటైజర్ రాసుకుంటే పూర్తిగా ఆరేదాకా ఆగి, తర్వాతే సిలిండర్ ముట్టుకోండి. అధిక పీడనంలో ఉన్న ఆక్సిజన్ దగ్గర నూనె, జిడ్డు, క్రీము, తడి ఆల్కహాల్ ఏదైనా నిప్పుకు దారి తీయవచ్చు. "చేతులు పొడిగా, జిడ్డు లేకుండా ఉన్నాయి" అని ఒక్క మాట చెబితే మీకు విషయం తెలుసని పరీక్షకురాలికి తెలుస్తుంది.

## 2. సిలిండర్

మన దగ్గర ఆక్సిజన్ సిలిండర్ అంటే నల్లటి ఒళ్లు, తెల్లటి భుజం. బ్రిటన్‌లోనూ ఒకప్పుడు అంతే. ఇప్పుడు అక్కడ వైద్య ఆక్సిజన్ సిలిండర్ మొత్తం తెల్లగా ఉంటుంది. నైట్రస్ ఆక్సైడ్‌కు భుజం నీలం. ఆంధ్రలోనో తెలంగాణలోనో పశువైద్యశాలలో పనిచేసి వెళ్లినవారు ఇక్కడ ఒక్క క్షణం తడబడతారు. రంగును చూసి సరిపెట్టుకోకుండా మెడ దగ్గరి లేబుల్‌పై ఉన్న పేరు పైకి చదవండి.

వరుస ఇలా:

1. ఫ్లోమీటర్ (వాయు ప్రవాహం కొలిచే గాజు గొట్టం) మీటలన్నీ మూసి ఉన్నాయని, పీడనం ముల్లు సున్నా మీద ఉందని చూడండి.
2. లేబుల్ మీద వాయువు పేరు, గడువు తేదీ చదవండి.
3. కొత్త సిలిండర్ అయితే సీలు తీసి, నోటిని మనుషులకు దూరంగా తిప్పి, ఒక్క క్షణం కొద్దిగా తెరిచి మూయండి. నోట్లో చేరిన దుమ్ము ఎగిరిపోతుంది.
4. యోక్‌లో (సిలిండర్ బిగించే చోటు) బోడాక్ సీల్ (లీకు రాకుండా పెట్టే వాషర్) ఉందా, చిరిగిందా చూడండి. పిన్నులు రంధ్రాల్లో కూర్చోవాలి. ఆక్సిజన్‌కు 2, 5 స్థానాలు, నైట్రస్‌కు 3, 5. కూర్చోకపోతే బలవంతం చేయకండి, అది తప్పు సిలిండర్.
5. బిగించి, అపసవ్య దిశలో నెమ్మదిగా తెరవండి. పీడనం చదవండి.
6. ఫ్లోమీటర్లు మూసే ఉంచి సిలిండర్ మూయండి. ముల్లు నిలకడగా ఉంటే యోక్ దగ్గర లీకు లేదు. జారుతుంటే సీల్ మార్చి మళ్లీ చూడండి.
7. అదనపు సిలిండర్‌కూ ఇదే. తర్వాత వాడే సిలిండర్‌ను తెరిచి, "నిండు", "వాడుకలో", "ఖాళీ" పట్టీలు సరిచేయండి.

పీడనం చదివి ఊరుకోవద్దు, అది ఎంతసేపు వస్తుందో చెప్పండి. నిండు "ఈ" (E) సైజు ఆక్సిజన్ సిలిండర్‌లో 137 బార్ వద్ద సుమారు 680 లీటర్లు ఉంటాయి. ముల్లు 50 బార్ చూపిస్తే 680 × 50 ÷ 137, అంటే దాదాపు 248 లీటర్లు. నిమిషానికి 3 లీటర్లు వాడితే 80 నిమిషాలకు కాస్త పైన. గంటన్నర పట్టే శస్త్రచికిత్సకు అది చాలదు.

నైట్రస్‌కు ఈ లెక్క పనికిరాదు. అది లోపల ద్రవంగా ఉంటుంది కనుక ద్రవం అయిపోయేదాకా ముల్లు 44 బార్ దగ్గరే కదలకుండా నిలుస్తుంది. ఎంత మిగిలిందో తూచి తెలుసుకోవాల్సిందే.

పైపులైను ఉన్న చోట గొట్టాన్ని గోడ సాకెట్‌లో పెట్టి మెల్లగా వెనక్కి లాగి చూడండి. ఊడకపోతే సరే.

## 3. ఫ్లోమీటర్, అలారం, ఫ్లష్

ఆక్సిజన్ మీటను నెమ్మదిగా తెరవండి. బాబిన్ (గొట్టంలో తేలే చిన్న బిళ్ల) అడుగు నుంచి పైదాకా ఎక్కడా పట్టుకోకుండా లేవాలి, లేచి గిరగిరా తిరగాలి. దాని మీద ఉన్న చుక్క కళ్లముందు తిరుగుతూ కనిపిస్తుంది. తిరగకుండా గాజు గోడకు ఆనుకుందంటే ఆ అంకెను నమ్మడానికి లేదు. బాబిన్ అయితే పైఅంచు దగ్గర, బంతి అయితే మధ్యలో చదవాలి. కంటిని ఆ ఎత్తుకు వంచి చదవండి. నిలబడి పైనుంచి చూస్తే అంకె తప్పుతుంది, మార్కూ తప్పుతుంది.

మూసేటప్పుడు బలంగా బిగించకండి. లోపలి సూది వాల్వు పాడవుతుంది.

ఆక్సిజన్ ఆగిపోయినప్పుడు మోగే అలారం ఉంటే దాన్నీ చూడాలి. ప్రవాహం నడుస్తుండగా సిలిండర్ మూయండి. పీడనం పడిపోతుండగా కూత వినిపించాలి. నైట్రస్ కూడా నడుస్తుంటే దాని ప్రవాహం ఆగాలి. చూశాక సిలిండర్ మళ్లీ తెరవడం మరవకండి.

ఆక్సిజన్ ఫ్లష్ మీట ఒక్కసారి నొక్కి వదలండి. వదలగానే ఆగాలి. ఆ దారి వేపరైజర్‌ను (మత్తుమందు ద్రవాన్ని ఆవిరి చేసే భాగం) తాకకుండా, నిమిషానికి 35 నుంచి 75 లీటర్ల వేగంతో వెళ్తుంది. అందుకే జంతువు కలిపి ఉన్నప్పుడు, ముఖ్యంగా చిన్న పిల్లి కలిపి ఉన్నప్పుడు, దాన్ని నొక్కకూడదు. ఈ మాట అడగకపోయినా చెప్పండి.

## 4. వేపరైజర్

మత్తుమందుల్లో ఐసోఫ్లూరేన్‌కు ఊదా రంగు, సెవోఫ్లూరేన్‌కు పసుపు. రంగు చూసి, పేరు చదివి, సీసా మీది పేరుతో పోల్చండి.

- డయల్ సున్నా మీద ఉందా
- వెనుక బార్ (యంత్రంలో వేపరైజర్ అమర్చే కడ్డీ) మీద సరిగ్గా కూర్చుందా, తాళం మీట పడిందా (పైకెత్తి చూస్తే కదలకూడదు)
- ద్రవం మట్టం కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్య ఉందా
- నింపే మూత బిగించి ఉందా
- డయల్ మొదటి నుంచి చివరిదాకా సాఫీగా తిరిగి, మళ్లీ సున్నాకు వస్తోందా
- సర్వీసు తేదీ దాటిందా

నింపమంటే: డయల్ సున్నాకు తెచ్చి, గాలి ఆడే చోట, చేతి తొడుగులు వేసుకుని, ఆ మందుకు మాత్రమే పట్టే నింపుడు గొట్టంతో, గరిష్ఠ గీత దాటకుండా నింపాలి. వేపరైజర్ ఎప్పుడూ నిటారుగానే ఉండాలి. ద్రవంతో ఉన్న వేపరైజర్ పక్కకు ఒరిగిపోతే దాన్ని వాడకుండా పక్కన పెట్టి, బాధ్యులకు చెబుతానని అనండి. అలా ఒరిగినదాన్ని వెంటనే వాడితే డయల్ చూపే శాతానికి మించి మందు జంతువుకు చేరవచ్చు.

## 5. వ్యర్థ వాయువుల దారి

మనవాళ్లు తేలిగ్గా తీసుకునే మెట్టు ఇది. బ్రిటన్‌లో పనిచోట ఐసోఫ్లూరేన్‌కు పరిమితి 8 గంటల సగటున మిలియన్‌కు 50 భాగాలు, నైట్రస్‌కు 100. అది మీ ఊపిరితిత్తుల కోసం పెట్టిన నియమం.

స్కావెంజింగ్ (వ్యర్థ వాయువులను బయటికి పంపే) గొట్టాన్ని ఏపీఎల్ వాల్వు (ఎక్కువైన వాయువును వదిలే వాల్వు) నుంచి యూనిట్ దాకా వేలితో వెంబడించి చూపించండి. యూనిట్ వేయండి. బొగ్గు డబ్బా అయితే తూచి, ఆ బరువు డబ్బా మీద రాయండి. తయారీదారు చెప్పిన బరువుకు చేరితే మార్చాలి. బొగ్గు ఐసోఫ్లూరేన్‌ను పీలుస్తుంది గానీ నైట్రస్‌ను పీల్చదు.

## 6. సర్క్యూట్ ఎంపిక, లెక్క

బరువును బట్టి స్థూలంగా ఇలా ఎంచుకోవచ్చు. పుస్తకానికీ పుస్తకానికీ హద్దులు కాస్త మారతాయి. మీ కళాశాల నేర్పిన హద్దులే పరీక్షలో చెప్పండి.

- టీ-పీస్: పిల్లులు, చిన్న కుక్కలు, సుమారు 10 కిలోల లోపు. గుణకం 2.5 నుంచి 3.
- బెయిన్: సుమారు 10 నుంచి 20 కిలోలు. గుణకం 2.5 నుంచి 3.
- మాగిల్, ల్యాక్: 10 కిలోల పైన. గుణకం 0.8 నుంచి 1. ఎక్కువసేపు బ్యాగు (సర్క్యూట్‌కు ఉండే వాయువు సంచి) నొక్కి శ్వాస ఇవ్వడానికి ఇవి తగవు.
- సర్కిల్: సాధారణంగా 15 కిలోల పైన. దీనికి గుణకం లేదు, లెక్క వేరు.

లెక్క మూడు మెట్లు. టైడల్ వాల్యూమ్ కిలోకు 10 నుంచి 15 మి.లీ. దాన్ని శ్వాస వేగంతో గుణిస్తే నిమిషపు వాల్యూమ్. దాన్ని సర్క్యూట్ గుణకంతో గుణిస్తే తాజా వాయు ప్రవాహం.

4 కిలోల పిల్లి, నిమిషానికి 20 శ్వాసలు, టీ-పీస్:
15 × 4 = 60 మి.లీ.
60 × 20 = 1200 మి.లీ.
1200 × 2.5 = 3000 మి.లీ., అంటే నిమిషానికి 3 లీటర్లు.

18 కిలోల కుక్క, నిమిషానికి 16 శ్వాసలు:
15 × 18 = 270 మి.లీ.
270 × 16 = 4320 మి.లీ.
ల్యాక్ మీద × 1 = నిమిషానికి సుమారు 4.3 లీటర్లు.
బెయిన్ మీద × 2.5 = 10.8 లీటర్లు.

అదే కుక్కకు రెండు సర్క్యూట్ల మధ్య తేడా రెండున్నర రెట్లు. సర్క్యూట్‌ను ఎందుకు ఎంచుకున్నారని అడిగితే ఈ తేడాయే మీ జవాబు. ప్రతి మెట్టులో యూనిట్లు రాయండి. మి.లీ.లను లీటర్లుగా మార్చేటప్పుడు పోయే మార్కులే ఎక్కువ.

బ్యాగు సైజు టైడల్ వాల్యూమ్‌కు 3 నుంచి 6 రెట్లు ఉండాలి. ఈ కుక్కకు 810 నుంచి 1620 మి.లీ., కాబట్టి 1 లీటరు బ్యాగు. పిల్లికి అర లీటరు.

## 7. లీకు పరీక్ష, ఆ వెంటనే వాల్వు

మొత్తం పరీక్షలో ఒక్క మెట్టునే సాధన చేసే సమయం ఉంటే, ఇదే చేయండి.

1. సర్క్యూట్‌ను కంటితో చూడండి: పగుళ్లు, చిరుగులు, లోపల నీరు, బ్యాగు మెడ దగ్గర రబ్బరు పగిలిందా.
2. యంత్రానికి తగిలించి, తిప్పుతూ బిగించండి.
3. ఏపీఎల్ వాల్వు మూయండి. వాల్వు లేని టీ-పీస్ అయితే బ్యాగు తోకను వేళ్లతో మూయండి.
4. జంతువు వైపు కొసను బొటనవేలితో మూయండి.
5. ఆక్సిజన్‌తో బ్యాగు నింపండి. పీడనం చూపే ముల్లు ఉంటే 30 సెంటీమీటర్ల నీటి పీడనం దాకా.
6. ప్రవాహం ఆపి, కనీసం 10 సెకన్లు చూడండి, వినండి. బ్యాగు మెత్తబడకూడదు, ముల్లు జారకూడదు.
7. కొస మీద వేలు తీయకుండా ఏపీఎల్ వాల్వు తెరవండి. బ్యాగు వాల్వు గుండా ఖాళీ కావాలి. వాల్వు పనిచేస్తోందనడానికి అదే రుజువు.
8. "వాల్వు తెరిచాను" అని పైకి చెప్పండి. తర్వాతే వేలు తీయండి.

ఏడో మెట్టులో చాలామంది వేలు తీసేసి గాలి వదిలేస్తారు. గాలి పోతుంది, బ్యాగు ముడుచుకుంటుంది, చూడటానికి అంతా సవ్యంగా ఉంటుంది. వాల్వు మాత్రం మూసే ఉంటుంది.

నా మొదటి నమూనా పరీక్షలో నేను అదే చేశాను. లీకు లేదని తృప్తిగా తిరిగి చూసేసరికి, పరీక్షించే ఆవిడ ఏమీ అనకుండా రబ్బరు బొమ్మ కుక్కను సర్క్యూట్‌కు కలిపి 3 లీటర్ల ఆక్సిజన్ పెట్టారు. సెకనుకు 50 మి.లీ. అర లీటరు బ్యాగు 10 సెకన్లలో బిగుసుకుని మెరిసింది. ప్రాణమున్న పిల్లి అయితే ఆ పీడనమంతా దాని ఊపిరితిత్తుల మీద పడేది. గుండెకు రక్తం తిరిగి రావడం తగ్గిపోతుంది, ఊపిరితిత్తి చిట్లవచ్చు. ఆ రోజు నుంచి నేను ఏపీఎల్ వాల్వు మీద పెట్టిన చేతిని, అది తెరిచేదాకా ఇంకో పనికి కదపను. నా దగ్గర నేర్చుకునేవారికీ ఇదే నియమం.

లీకు కనిపిస్తే కంగారు పడకండి. బ్యాగు మెడ, వాల్వు కీలు, యంత్రం కలిసే చోటు, ఈ మూడూ వరుసగా చేత్తో బిగించి మళ్లీ చూడండి. ఇంకా ఉంటే సర్క్యూట్ మార్చండి. పరీక్షలో కావాలనే లీకున్న సర్క్యూట్ పెట్టే అవకాశం ఉంది.

## 8. బెయిన్, ల్యాక్: లోపలి గొట్టం

గొట్టంలో గొట్టం ఉన్న సర్క్యూట్లలో బయటి లీకు పరీక్ష సరిపోదు. లోపలి గొట్టం ఊడినా, చీలినా బయటి నుంచి బ్యాగు చక్కగా నిలుస్తుంది. అలాంటి బెయిన్ మీద జంతువు తను వదిలిన కార్బన్ డయాక్సైడ్‌నే మళ్లీ పీలుస్తుంది.

బెయిన్‌కు: ఆక్సిజన్ ప్రవాహం పెట్టి, చిన్న సిరంజి ప్లంజర్‌తో లోపలి గొట్టం కొసను ఒక్క క్షణం మూయండి. అదే సమయంలో మరో కన్ను ఫ్లోమీటర్ మీద ఉండాలి. లోపలి గొట్టం బాగుంటే బాబిన్ కొద్దిగా కిందికి జారుతుంది, తీయగానే తిరిగి లేస్తుంది. కదలకుండా ఉంటే వాయువు ఎక్కడో తప్పించుకుంటోంది, ఆ సర్క్యూట్ వాడకూడదు. ఎక్కువసేపు మూసి ఉంచవద్దు.

ఒకే గొట్టంలో ఇమిడిన ల్యాక్‌కు: ఏపీఎల్ వాల్వు తెరిచి, జంతువు వైపు రెండు గొట్టాల కొసలనూ మూసి, నిండిన బ్యాగును నొక్కండి. వాల్వు గుండా గాలి బయటికి వస్తే లోపలి గొట్టంలో లీకు ఉన్నట్టే. రెండు గొట్టాలు పక్కపక్కనే ఉండే ల్యాక్‌కు ఈ మెట్టు అక్కర్లేదు.

## 9. సర్కిల్, సోడాలైమ్

లీకు పరీక్ష పైవిధంగానే. అదనంగా చూడాల్సినవి రెండు.

ఏకదిశ వాల్వుల పలకలు పైన గాజులోంచి కనిపిస్తాయి. బ్యాగును నొక్కి వదులుతూ రెండూ వంతులవారీగా లేచి పడుతున్నాయా చూడండి. తేమకు అంటుకుపోవడం మామూలే. విప్పి తుడిచి బిగించాలి.

సోడాలైమ్ (కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే గుళికలు) రంగు తయారీదారును బట్టి తెలుపు నుంచి ఊదాకో, గులాబీ నుంచి తెలుపుకో మారుతుంది. డబ్బా మీద ఏది రాశారో చదివి చెప్పండి. రాత్రంతా వాడకుండా ఉంచితే రంగు మళ్లీ మొదటి స్థితికి వచ్చినట్టు కనిపించవచ్చు, నమ్మకండి. వాడిన గంటల నమోదు చూడండి. అయిపోయిన గుళికలు గట్టిపడతాయి. మార్చేటప్పుడు తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఆ పొడి క్షారం, చర్మాన్నీ కళ్లనూ కాలుస్తుంది. నింపాక డబ్బాను తట్టి ఖాళీలు లేకుండా సర్ది, అంచు మీది పొడి తుడిచి మూయండి. ఆ పొడి రబ్బరు వాషర్ మీద ఉంటే అక్కడే లీకు.

ప్రవాహం మొదటి 10 నుంచి 15 నిమిషాలు ఎక్కువగా ఉంచాలి, వ్యవస్థలోని నైట్రోజన్ పోవాలి కనుక. తర్వాత తగ్గించవచ్చు. జంతువు శరీరానికి కావాల్సిన ఆక్సిజన్ కిలోకు నిమిషానికి సుమారు 10 మి.లీ., దానికంటే తగ్గకూడదు.

## 10. శ్వాసనాళపు ట్యూబు

అడిగితేనే. మూడు సైజులు తీయండి: అనుకున్నది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. కఫ్‌లో (ట్యూబు చుట్టూ ఉబ్బే చిన్న సంచి) గాలి నింపి కొన్ని నిమిషాలు పక్కన పెట్టి మెత్తబడిందా చూడండి, తర్వాత గాలి తీసేయండి. పొడవును ముందు పళ్ల దగ్గర నుంచి భుజం మొన దాకా జంతువు పక్కన పెట్టి కొలవండి. లోపల అడ్డం లేదని వెలుతురుకు ఎత్తి చూడండి. కట్టే నాడా, జెల్, లారింగోస్కోపు దీపం, పిల్లికైతే స్వరపేటిక మీద చల్లే లిడోకైన్, ఇవన్నీ ట్రే మీద వరుసగా.

## 11. తరచూ జరిగే తప్పులు, అక్కడికక్కడే సవరణ

- మెట్టు మరిచిపోయారు. ఆపి, "ఒక మెట్టు మరిచాను, ఇప్పుడు చేస్తున్నాను" అని చెప్పి చేయండి. గడువులోపు సరిదిద్దుకోవడమే మేలు.
- వేపరైజర్ డయల్ తనిఖీ చేశాక సున్నాకు రాలేదు. లీకు పరీక్షకు ముందు మరోసారి డయల్ మీద చేయి పెట్టి చూడండి.
- లీకు పరీక్షలో బ్యాగు నిండట్లేదు. ముందు సిలిండర్ తెరిచి ఉందా చూడండి. అలారం పరీక్ష తర్వాత మూసే వదిలేసి ఉంటారు.
- స్కావెంజింగ్ తగిలించకుండా వేపరైజర్ తెరిచారు. వెంటనే డయల్ మూసి, గొట్టం తగిలించి, మళ్లీ మొదలుపెట్టండి.
- పరీక్షకురాలి ముఖం చూస్తూ సమయం పోయింది. ఆమె ఏమీ చెప్పదు, చెప్పకూడదు. చూపు యంత్రం మీదే ఉంచండి.

## 12. యంత్రం ఆపడం

"పని పూర్తయింది" అని చెప్పే ముందు ఈ వరుస:

- వేపరైజర్ డయల్ సున్నా
- సిలిండర్ మూయాలి, లేదా పైపులైను గొట్టం తీయాలి
- ఫ్లోమీటర్ తెరిచి లోపల మిగిలిన వాయువును పోనివ్వాలి, ముల్లు సున్నాకు రావాలి
- ఫ్లోమీటర్ మీట మెల్లగా మూయాలి
- ఏపీఎల్ వాల్వు తెరిచే ఉండాలి
- స్కావెంజింగ్ యూనిట్ ఆపాలి
- సర్క్యూట్ విప్పి శుభ్రం చేసి, నీరు కారిపోయేలా వేలాడదీయాలి
- ఖాళీ అయిన సిలిండర్‌కు "ఖాళీ" పట్టీ కట్టి, నిండువాటికి దూరంగా ఉంచాలి
- తేదీ, పీడనం, కనిపించిన లోపాలు నమోదు పుస్తకంలో రాసి సంతకం చేయాలి

ఇంట్లో యంత్రం ఉండదు కదా, సాధన ఎలా అని అడుగుతారు. పనిచేసే ఆసుపత్రిలో ఉదయం యంత్రం తనిఖీ చేసే పని అడిగి మరీ తీసుకోండి. రోజూ అదే వరుసలో, ఎవరూ వినకపోయినా పైకి చెబుతూ చేయండి. పరీక్షకు ముందు వారం ఒక తోటి విద్యార్థిని పక్కన నిలబెట్టి, మీకు చెప్పకుండా ఒక లోపం పెట్టమనండి: వదులు చేసిన బ్యాగు, మూసిన సిలిండర్, సీల్ లేని యోక్. అసలు జంతువుకు వాడే ముందు ఆ లోపాలన్నీ సరిచేసి, మీ పర్యవేక్షకురాలికి మరోసారి చూపించండి.